దొరగారి ఎడమ చెయ్యి

పిస్తోలు పేల్చేటప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడుండాలన్నది గంగవాడ జిల్లా సాయుధ పోలీసులకు ఏనాడూ సమస్య కాలేదు. ఎవరికి ఎక్కడ వీలైతే అక్కడ ఉండేది. కొందరిది కుడిచేతికి సాయం పట్టేది, కొందరిది జేబులో ఉండేది, దోమల కాలంలో మెడ మీద ఉండేది. అంత సుఖంగా బతుకుతున్న ఆ చేతి మీద ఒకరోజు కమిటీ పడింది.

ఆ కమిటీ వల్ల అందరికంటే ఎక్కువ చిక్కులో పడ్డవాడు కర్రి పోలినాయుడు. ఆయుధాగారంలో హెడ్ కానిస్టేబులు. ముప్పై అయిదేళ్లుగా తుపాకులకు నూనె పెట్టి పెట్టి అతని అరచేతి గీతల్లోకి నూనె ఇంకిపోయి, చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లు కూడా వేళ్లు జారిపోతున్నాయని వదిలేశారట. పిస్తోలు పట్టుకుంటే మాత్రం అతనికి ఎదురులేదు. ఊరి చివర కొండకింద చాంద్‌మారి మైదానంలో, అంటే పోలీసులు తుపాకీ సాధన చేసే చోట, ఒకసారి ఎగిరే తూనీగను కొట్టి ఒక్క రెక్క మాత్రం రాల్చాడని, అది మిగిలిన మూడు రెక్కలతో చాలాకాలం అక్కడే తిరిగిందని చూసినవాళ్లు చెబుతారు. తూనీగకు నాలుగు రెక్కలుంటాయి కాబట్టి లెక్క సరిపోతోంది. ఇక అందులో అబద్ధం ఉండటానికి వీల్లేదు.

పోలినాయుడికి ఉన్న కోరిక ఒక్కటే. పదకొండు నెలల్లో రిటైరవుతున్నాడు. ఈలోగా భుజం మీద ఒక్క నక్షత్రం పడాలి. మోచేతి పైన మూడు పట్టీలతో వచ్చినవాడు మూడు పట్టీలతోనే ఇంటికి పోకూడదు. ఈ కోరిక అతనికంటే అతని భార్య అసిరమ్మకు ఎక్కువ. ఆరేళ్ల కిందట ప్రమోషన్ల జాబితా వస్తోందని ఎవరో అంటే, ఆమె బజారుకు పోయి తళతళలాడే నక్షత్రం ఒకటి కొనుక్కొచ్చింది. జాబితా రాలేదు. నక్షత్రం కుంకుమ భరిణెలోకి చేరింది. ప్రతి శుక్రవారం దాన్ని బయటికి తీసి, విభూతితో తోమి, పైటకొంగుతో తుడిచి మళ్లీ లోపల పెట్టేది. తోమీ తోమీ అయిదు కొసల్లో ఒకటి కాస్త అరిగింది కూడా.

చివరికి ఆ ఏడాది ఒక ఖాళీ వచ్చింది. పిస్తోలు పరీక్ష నెగ్గినవాడికి ఎ.ఎస్.ఐ. పదవి. పోలినాయుడు ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అసిరమ్మ వెంటనే లేచింది. సూదిలోకి దారం ఎక్కించి గోడకు గుచ్చి పెట్టింది.

సరిగ్గా అప్పుడే ఆయుధ శిక్షణ విభాగం అదనపు డైరెక్టరు త్రివిక్రమరావుగారు ఒక సెమినారుకు వెళ్లొచ్చారు.

ఆ సెమినారు పేరు 'తొలినాటి పిస్తోలు పోరాట శిక్షణ: చరిత్ర, చెరగని ప్రాసంగికత'. మూడు రోజులు, ఆరు పూటల భోజనం. అక్కడ ఆయనకు తెలిసిందేమంటే, వందేళ్ల కిందట ఎక్కడెక్కడో రేవుపట్నాల్లో దొరలు కొందరు ఇరుకు సందుల్లో కొట్లాటలు చూసి, ఎదటివాడు మీదికి వచ్చేసినప్పుడు తీరిగ్గా నిలబడి గురి చూసుకునే వ్యవధి ఉండదని గ్రహించి, కొత్త శిక్షణ కనిపెట్టారట. ప్రతి ఊరివాళ్లూ మా ఆద్యుడు ఫలానా అని బొమ్మలు చూపించారు. త్రివిక్రమరావుగారిని, "మీ జిల్లా ఆద్యుడెవరండీ?" అని ఎవరో అడిగారు. ఆయన దగ్గర ఆద్యుడు లేడు. ఆ అవమానంతో ఆరో పూట భోజనం కూడా సరిగా చెయ్యలేదని ఆయన డ్రైవరు చెప్పాడు.

తిరిగొచ్చి ఆయన పాత దస్త్రాల గది తాళం తీయించారు. చెదలు తినగా మిగిలిన కాగితాల్లో ఒక ఫోటో దొరికింది. వెనకాల 'పిస్తోలు అభ్యాసం, గంగవాడ' అని, పంతొమ్మిది వందల ఇరవై మూడు అని రాసి ఉంది. ముందువైపు అప్పటి జిల్లా పోలీసు అధికారి గ్రిమ్‌స్టన్ దొర. కుడిచెయ్యి చాపి ఆయుధం పట్టుకున్నాడు. ఎడమచేత్తో నడుం దగ్గర ప్యాంటును గుప్పిట బిగించి పట్టుకున్నాడు. కుడి మడమ నేల మీంచి పైకి లేచి ఉంది. మెడ కుడిపక్కకు వాలి ఉంది. వెనకాల పంచె కట్టుకున్న ఒక మనిషి దొర నెత్తిన నల్లగొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

దాన్ని పరిశీలించడానికి కమిటీ వేశారు. ఆయుధం ఏ రకమో పోల్చి చెప్పడానికి కమిటీ గదిలోకి పోలినాయుణ్ని పిలిపించారు. త్రివిక్రమరావుగారు ఫోటోను వెల్వెట్ గుడ్డ మీద పెట్టి, పక్కన భూతద్దం పెట్టుకుని కూర్చున్నారు. రిజర్వు ఇన్‌స్పెక్టరు బెహరాగారు పక్కన నిలబడి ఏది చెప్పినా తల ఊపడానికి సిద్ధంగా ఉన్నారు.

"ఇది పిస్తోలు కాదు బాబూ," అన్నాడు పోలినాయుడు భూతద్దంలోంచి చూసి. "ఆరు గుళ్ల రివాల్వరు."

"అది అప్రస్తుతం," అన్నారు త్రివిక్రమరావుగారు. "ఆయుధం మారవచ్చు. భంగిమ శాశ్వతం. బెహరాగారూ, రాసుకోండి. సదరు ఛాయాచిత్రాన్ని కూలంకషంగా పరిశీలించగా, ఎడమ హస్తం కటిభాగాన్ని దృఢంగా గ్రహించి ఉన్నది. దీనివల్ల దేహభారం కేంద్రీకృతమగును. మడమ ఎత్తి ఉంచుట ముందుకు దూకే సంసిద్ధతను సూచించును. మెడవాల్పు గాలివాటాన్ని అంచనా వేయుటకు."

"గొడుగు సార్?" అన్నారు బెహరాగారు.

"అదే మహత్తరమైన అంశం. సూర్యకాంతి కంటిలో పడకుండా ఒక సహాయకుడు. అనగా వందేళ్ల కిందటే మన జిల్లాలో ఇద్దరు సభ్యుల పిస్తోలు దళం ఉన్నదన్నమాట. ప్రపంచంలో మరెక్కడా లేదు."

పోలినాయుడు ఇంకా భూతద్దం వదల్లేదు. గొడుగు పట్టుకున్న మనిషి చెవి పైభాగం చితికి ఉంది. అలాంటి చెవి ఆ జిల్లా మొత్తానికి ఒక్కటే.

"ఈడు మా తాత బాబూ. లచ్చన్న. గొడుగు లచ్చన్న అనీవోరు. ఆ చెవి ఎద్దు కొమ్ము తగిలి అలగైపోనాది."

త్రివిక్రమరావుగారు లేచి నిలబడ్డారు. ఆయన ముఖం అప్పుడే గుడి తలుపులు తీసినట్టు వెలిగింది. "అయితే మీరు వారసత్వ సాక్షి."

"సాచ్చికమైతే సెప్పనా బాబూ? ఈ పోటో సంగతి మా తాత మా ఇంటికాడ వెయ్యిసార్లు సెప్పీవోడు. ఆ రోజు దొరగోరు పండగ విందు తినీసి వొచ్చినారంట. కడుపు ఉబ్బి ప్యాంటు గుండీ టప్పుమని..."

బెహరాగారి బూటు పోలినాయుడి బూటు మీద పడింది. అంత బరువైన మనిషి అంత త్వరగా కదలడం పోలీసు లైన్లలో అంతవరకూ ఎవరూ చూడలేదు.

"మౌఖిక సాక్ష్యానికి లిఖిత ఆధారం లేనిదే విలువ లేదు," అన్నారు త్రివిక్రమరావుగారు మృదువుగా. "గొడుగు విషయం ఫోటోలో ఉంది గనక ఆమోదిస్తున్నాం. గుండీ ఫోటోలో ఎక్కడుంది?"

నిజమే, గుండీ ఫోటోలో లేదు. లేకపోవడమే కదా సంగతి, అందామనుకున్నాడు పోలినాయుడు. బెహరాగారి బూటు ఇంకా దిగలేదు.

అసలు సంగతేమిటంటే గ్రిమ్‌స్టన్ దొర తెలివితక్కువవాడు కాదు. అతను రోజూ పొద్దున్నే జవాన్లకు నేర్పినది చాలా చిన్న ముక్క. గొడుగు పట్టుకుని వెనక నిలబడ్డ లచ్చన్న దాన్ని వినీ వినీ కంఠస్థం చేసి మనవడికి అప్పజెప్పాడు. "ఎదటోడు మీదికొచ్చీసినప్పుడు తుపాకీకేసి సూడకు. ఆడికేసి సూడు. దొంగ ఈడే అని ఏలెట్టి సూపినట్టు సూపు. మిగిల్నది అదే సూసుకుంటాది." అంతే. చిన్నతనంలో పోలినాయుడు ఆ పద్ధతి మీద కాకులకేసి వేలు చూపిస్తే రెండు కాకులు మూర్ఛపోయాయి. ఒకటి తర్వాత తేరుకుంది. దొర నేర్పిన విద్యంతా ఆ వేలిలో ఉంది. అయితే అది ఫోటోలో పడలేదు. ఫోటో తీసినది గుండీ తెగిన రోజున.

పదిహేను రోజుల్లో ఉత్తర్వులొచ్చాయి. ఇకమీదట పిస్తోలు పరీక్ష గ్రిమ్‌స్టన్ పద్ధతిలో. నూటికి మార్కులు ఇలా పంచారు: నడుం పట్టుకు నలభై, మడమకు ఇరవై, మెడవాల్పుకు పదిహేను, గొడుగు సమన్వయానికి పదిహేను. గుండు తగిలితే పది. అరవై వస్తే నెగ్గినట్టు.

సాధన మొదలైన మొదటి రోజే అడ్డంకి ఎదురైంది. యూనిఫారానికి బెల్టు ఉంది. బెల్టు ఉండగా గుప్పిట్లోకి ప్యాంటు సరిగా రావడం లేదు. బెల్టులు తీసెయ్యమని ఉత్తర్వు వచ్చింది. తీసేసరికి ప్యాంట్లు జారసాగాయి. జవాన్లందరూ ఎడమచేత్తో గట్టిగా పట్టుకోక తప్పలేదు. త్రివిక్రమరావుగారు దాన్ని పావుగంటసేపు గమనించి నివేదికలో రాయించారు: 'క్షేత్రస్థాయి ప్రయోగంలో ఎడమ హస్తం యొక్క అనివార్యత శాస్త్రీయంగా రుజువైనది.'

గొడుగుల దగ్గర మరో చిక్కు. ఫోటోలో గొడుగుకు ఏడు ఊచలే కనిపిస్తున్నాయి. బజారులో దొరికేవన్నీ ఎనిమిది ఊచలవి. ఎనిమిదోది అవతలిపక్క ఉంటుంది కదా అని బెహరాగారు అనబోయి, తన ఉద్యోగం గుర్తొచ్చి ఆగిపోయారు. నలభై గొడుగులు తెప్పించి ఒక్కొక్కదానికి ఒక ఊచ విరగ్గొట్టారు. నలభై పిస్తోళ్లకు నలభైమంది గొడుగుదారులు కావాలి గనక ఖజానా కాపలా, జైలు కాపలా, కలెక్టరాఫీసు గేటు కాపలా అన్నీ ఎత్తేశారు. ఆ రోజుల్లో గంగవాడలో దొంగతనాలు తగ్గాయని చెబుతారు. చాంద్‌మారిలో ఏం జరుగుతోందో చూడటానికి దొంగలంతా కొండెక్కి కూర్చునేవారట.

పరీక్ష రోజున పోలినాయుడు వేళ్లు విరుచుకుని నిలబడ్డాడు. చెయ్యి నడుం మీద పెట్టుకోవాలని ఇంటినుంచి అనుకుంటూనే వచ్చాడు. కాని విజిల్ మోగగానే ముప్పై అయిదేళ్ల అలవాటు దాని దారిన అది పోయింది. చూపు ఎదురుగా ఉన్న గురిపలక మీద, వేలు చూపినట్టు చెయ్యి, పది గుళ్లూ ఒక్క కన్నంలోంచి పోయాయి. ఒక్క కన్నమే కనిపిస్తోందని పరీక్షకులు తొమ్మిది గుళ్లు తప్పినట్టు రాయబోతే, పలక వెనక మట్టిదిబ్బ తవ్వి పదీ తీసి చూపించాడు.

"గుండ్లకు పది," అన్నారు త్రివిక్రమరావుగారు. "మెడ స్వభావసిద్ధంగా కొంచెం వంకర ఉంది కాబట్టి నాలుగు. మొత్తం పద్నాలుగు."

అతని తర్వాత కానిస్టేబులు తవిటినాయుడు వచ్చాడు. పాపం మంచివాడు, కాని అతను పిస్తోలు పట్టుకుంటే కాకులు పలక మీద వచ్చి వాలేవి, అదే సురక్షితమైన చోటని. ఆ రోజు పది గుళ్లలో ఒకటి పరీక్షకుల మంచినీళ్ల డ్రమ్ముకు తగిలింది, ఇంకొకటి కర్రకు తగిలించిన బెహరాగారి టోపీలోంచి పోయింది, మిగతా ఎనిమిది ఎటుపోయాయో ఇప్పటికీ తెలియదు. కాని నడుం పట్టు, మడమ, మెడ, గొడుగు అచ్చు ఫోటోలో దొరలాగే ఉన్నాయి. తొంభై మార్కులు.

"బాబూ, ఒక్కటీ తగల్లేదు కదా," అన్నాడు తవిటినాయుడు తనకే నమ్మకం కుదరక.

"తగలడం ఫలితం," అన్నారు త్రివిక్రమరావుగారు. "ఈ విభాగం పరీక్షించేది పద్ధతిని. ఫలితానికి మనం బాధ్యులం కాము."

మర్నాడు బెహరాగారు ఆయుధాగారానికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, టోపీలోని కన్నంలో వేలు తిప్పుకుంటూ మాట్లాడారు. వచ్చే నెల రాజధాని నుంచి పెద్దసారు వస్తున్నారు. గంగవాడ పద్ధతి నచ్చితే రాష్ట్రమంతటా పెడతారు. ఆరోజు పోలినాయుడు వారసత్వ సాక్షిగా తాతగారి గొడుగు పట్టుకోవాలి, పెద్దసారు అడిగితే ఒక్క వాక్యం చెప్పాలి.

"ఏటి సెప్పాల బాబూ?"

"చెయ్యి నడుం మీద పెట్టమని దొరగారు స్వయంగా నేర్పారని మా తాత చెప్పేవాడు, అను. కాగితం మీద రాసిచ్చాను. నీకు వారసత్వ మార్కులు యాభై వేస్తారు. పద్నాలుగూ యాభై ఎంత?"

"అరవై నాలుగు."

"అరవైకి నెగ్గినట్టు కదా. తవిటిగాడు జూనియరు. నీ తర్వాతే. ఆలోచించుకో నాయుడూ. నాకైతే ఆలోచన కూడా అక్కర్లేదు."

పోలినాయుడు ఆ కాగితం పట్టుకుని ఇంటికి పోయాడు. అసిరమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. అతను చదివి వినిపించాడు. ఆమె పిక్కలు తియ్యడం ఆపలేదు.

"మీ తాత ఇలగన్నాడేటి?"

"అన్లేదు."

"మరేటన్నాడు?"

"నీకు తెలీదేటే? గుండీ తెగిపోనాదన్నాడు. గండుచీమ కుట్టిందన్నాడు."

"ఆ కత నా పెళ్లినాడు సెప్పినాడు ముసిలోడు. పీటల మీద కూకుని నవ్వలేక సచ్చినాను. పురోయితుడు కూడా మంతరం మర్సిపోనాడు." ఆమె చేతులు దులుపుకుంది. "నచ్చత్రం కుట్టాలనే నాకూ ఉన్నాది. కాదన్ను. అయితే ముసిలోడి నోట్లో లేని మాట పెట్టి తెచ్చిన నచ్చత్రమైతే, అది నీ బుజానికి కుడతన్నప్పుడల్లా సూది నాకే గుచ్చుకుంటాది."

"మరి తేకపోతే?"

"తేకపోతే తోముతుంటాను. శుక్కురారం నాకేటి పనుందని."

ఇంతకంటే స్పష్టమైన ఉత్తర్వు పోలినాయుడికి తన సర్వీసులో రాలేదు.

పెద్దసారు వచ్చిన రోజున చాంద్‌మారిలో షామియానా వేశారు. వెనక భోజనాల బల్లలు, ముందు సోఫాలు, పక్కన శాఖాపరమైన ఫోటోగ్రాఫరు. త్రివిక్రమరావుగారు బెల్టు లేకుండా, ఎడమచేత్తో నడుం పట్టుకునే వచ్చి పూలగుత్తి కుడిచేత్తో ఇచ్చారు. నలభై నిమిషాలు ప్రసంగించారు. పెద్దసారు కళ్లు మూసుకుని విన్నారు. చివర కళ్లు తెరిచి, గొడుగుతో నిలబడ్డ పోలినాయుడికేసి చూశారు.

"మీ తాతగారేనా ఫోటోలో? ఆయనేం చెప్పేవారు?"

బెహరాగారు కాగితం జేబులో ఉందన్నట్టు సైగ చేశారు. పోలినాయుడు జేబు తడుముకోలేదు.

"నిజం సెప్పమంటారా బాబూ?"

"ఆఁ, చెప్పవయ్యా."

"ఆ రోజు దొరగోరి ప్యాంటు గుండీ తెగిపోనాదండి. జారిపోతాదని పట్టుకున్నారు. కుడికాలికి గండుచీమ కుట్టింది, అందుకని మడమ ఎత్తినారు. సీమ ఎక్కడుందా అని మెడ వొంచి సూసినారు. ఎండగా ఉన్నాదని మా తాత గొడుగెట్టినాడు. అంతకుమించి ఏటీ లేదండి. ఆ రోజు దొరగోరు పేల్చినవి ఒక్కటీ తగల్లేదండి."

త్రివిక్రమరావుగారి ముఖం తెల్లగా పాలిపోయింది. పోలినాయుడి మనసులో కుంకుమ భరిణె మూత పడిన చప్పుడు వినిపించింది. పోతే పోయింది, ముప్పై అయిదేళ్ల సర్వీసులో ఒక పిచ్చిపని ఇవాళ్టితో ఆగింది కదా అనుకున్నాడు.

పెద్దసారు చాలాసేపు ఆలోచించారు.

"త్రివిక్రమరావ్," అన్నారు నెమ్మదిగా, "అయితే మీ పద్ధతి అసంపూర్ణంగా ఉందన్నమాట. మూలంలో గుండీ లేదు. మీ వాళ్లకు గుండీలున్నాయి. మూలంలో చీమ ఉంది. మీ దగ్గర చీమ ఏదీ?"

త్రివిక్రమరావుగారి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. "చిత్తం. సాక్షి ద్వారా లభ్యమైన నూతన ఆధారాల వెలుగులో గుండీ విసర్జన, పిపీలిక ప్రేరణ అనే రెండు అంశాలనూ తక్షణం చేరుస్తున్నాం సార్."

"తక్షణమంటే ఇప్పుడే. నేను చూసి వెళ్తాను."

తవిటినాయుడు కత్తెర తెచ్చి అదనపు డైరెక్టరుగారి గుండీ కత్తిరించాడు. తర్వాత కొబ్బరిచిప్ప పట్టుకుని గట్టు మీదకు పోయి గండుచీమలు ఏరుకొచ్చాడు. వాటిలో ఆరోగ్యంగా ఉన్నదాన్ని బెహరాగారే స్వయంగా ఎంపిక చేశారు.

ప్రదర్శన మొదలైంది. వెనక పోలినాయుడు ఏడూచల గొడుగు పట్టుకున్నాడు. త్రివిక్రమరావుగారు కుడిచేత పిస్తోలు చాపి, ఎడమచేత నడుం బిగించి, పెద్దసారు చూస్తుండగా కుడికాలి బూటు విప్పి మడమకు చీమను ఆహ్వానించారు. చీమ తన విధిని ఏ ఉత్తర్వూ లేకుండానే నిర్వర్తించింది. మడమ లేచింది, మెడ వాలింది, పిస్తోలు పేలింది. గుండు పలకకు పాతిక గజాల ఎడంగా ఉన్న తుప్పల్లోకి పోయింది.

ఆ తుప్పల్లో ఒక అడవిపంది నిద్రపోతోంది. పక్క చేలో రైతుల చిలగడదుంపలు రాత్రంతా తిని, దాని మానాన అది పడుకుంది. గుండు దానికి తగల్లేదు. చెవి పక్కనుంచి పోయింది. అది లేచి, ఒళ్లు విదిలించుకుని, ఇదెవరి పనో చూద్దామని నేరుగా వచ్చింది. సోఫా అంత ఉంది. సోఫాలో కూర్చున్నవాళ్లే ఆ మాట తర్వాత చెప్పారు, కొలత తెలిసినవాళ్లు కాబట్టి నమ్మాలి.

"బాబూ, పేల్చండి," అన్నాడు పోలినాయుడు.

త్రివిక్రమరావుగారు గురి పెట్టాలనే చూశారు. కాని కొబ్బరిచిప్పలోంచి పాకివచ్చిన రెండో చీమ కూడా విధుల్లో చేరింది. ఆయన ఎడమచెయ్యి మడమ మీదికి పోయింది, ఆ చెయ్యి వదిలిన ప్యాంటు కోసం కుడిచెయ్యి పరుగెత్తింది, కుడిచేతిలోని పిస్తోలు నేల మీద పడింది. రెండు చేతులా నడుం పట్టుకుని ఆయన పోలినాయుడి వెనక్కి వచ్చేశారు.

పోలినాయుడి చేతిలో పిస్తోలు లేదు. గొడుగు ఉంది. తాత మాట గుర్తు చేసుకునే తీరిక లేకపోయింది, చెయ్యే గుర్తు చేసుకుంది. పంది కళ్లలోకి చూస్తూ గొడుగు ముడిచి, దొంగ వీడే అని వేలెట్టి చూపినట్టు ముందుకు చాపి, రెండు బారల దూరంలో ఉండగా టప్పుమని విప్పాడు. ఎదురుగా ఒక నల్లటి కొండ పుట్టుకొచ్చేసరికి పంది నాలుగుకాళ్ల మీద జారి, పక్కకు మళ్లి, షామియానా కిందుగా భోజనాల బల్లల వైపు పోయింది. వెళ్తూ వెళ్తూ పనసకాయ కూర గిన్నె మెడలో వేసుకుని పోయిందని వంటవాడు చెప్పాడు. ఆ విసురుకు నిలదొక్కుకోబోయి పోలినాయుడి ఎడమకాలి బూటు ఊడిపోయింది. ఊపిరి కోసం అతని నోరు తెరుచుకుంది. సరిగ్గా ఆ క్షణాన ఫోటోగ్రాఫరు బల్ల మీదికెక్కి ఫోటో తీశాడు.

పెద్దసారు సోఫా వెనకనుంచి లేచి, దుమ్ము దులుపుకుని, ఆ ఫోటో చూశారు. చాలాసేపు చూశారు.

నెలలోపల ఉత్తర్వులు వచ్చాయి. గ్రిమ్‌స్టన్ పద్ధతి చరిత్రకు పరిమితం. ఇకమీదట గంగవాడ నవీన పద్ధతి. పిస్తోలు నేలమీద ఉండవలెను. అధికారి ఉభయ హస్తములతో నడుము పట్టుకొని వెనుక నిలబడవలెను. సహాయకుడు గొడుగు విప్పవలెను. పరీక్ష మళ్లీ మొదటినుంచి, పాత మార్కులు రద్దు.

"ఇంకేముంది నాయుడూ," అన్నారు బెహరాగారు. "నీ ఫోటో, నీ పద్ధతి. నీకు తప్ప ఎవరికొస్తుంది ఆ నక్షత్రం?"

పోలినాయుడికి కూడా అలాగే అనిపించింది. ఇంటికొచ్చి చెబితే అసిరమ్మ తుప్పు పట్టిన సూది తీసేసి కొత్త సూదికి దారం ఎక్కించింది. పరీక్ష రోజున బూట్లు తళతళలాడేలా రుద్దుకుని, నిటారుగా నిలబడి, ఎదుట అట్టతో చేసిన పంది బొమ్మ కళ్లలోకి చూస్తూ గొడుగు విప్పాడు. అట్ట పంది వెల్లకిలా పడిపోయింది.

త్రివిక్రమరావుగారు భూతద్దంతో ఫోటోనూ పోలినాయుణ్నీ మార్చి మార్చి చూశారు. మార్కుల కాగితం మీద ఇలా రాశారు: 'మూలచిత్రంలో సహాయకునికి ఎడమకాలి బూటు లేదు. నోరు తెరిచి ఉన్నది. ముఖంలో భీతి స్పష్టం. ప్రస్తుత అభ్యర్థి రెండు బూట్లతో, నోరు మూసుకుని, ధీమాగా నిలబడినాడు. పద్ధతిపై బొత్తిగా అవగాహన లేదు. ముప్పై ఎనిమిది.'

"బాబూ, ఆ పోటోలో ఉన్నది నానే కదా," అన్నాడు పోలినాయుడు.

"ఉండవచ్చు," అన్నారు త్రివిక్రమరావుగారు జాలిగా. "కాని ఆయనలాగా మీరు చెయ్యలేకపోతున్నారు."

తవిటినాయుడు ఒంటిబూటుతో, నోరు బార్లా తెరుచుకుని, వణుకుతూ వచ్చాడు. గొడుగు సగమే విచ్చుకుంది. తొంభై ఎనిమిది.

పోలినాయుడు రిటైరైన రోజున దండ వేశారు, శాలువా కప్పారు. గొడుగుల అవసరం ఇప్పుడు పిస్తోళ్ల కంటే ఎక్కువైనా, జ్ఞాపికగా ఒక ఏడూచల గొడుగు ఇచ్చారు. అసిరమ్మ క్వార్టరు తాళం అప్పగించి, సామాను బండి ముందు పంపించి, గుమ్మంలో నిలబడి ఆ గొడుగు అడిగి పుచ్చుకుంది. భరిణె తెరిచింది. ఊచ లేని చోట గుడ్డ వేలాడుతోంది. అక్కడ ఆ నక్షత్రాన్ని పెట్టి, నాలుగు కుట్లు వేసి, దారం పంటితో తెంపింది.

"ఇదేటే?" అన్నాడు పోలినాయుడు.

"బుజం మీదైతే మెడ తిప్పుకుని సూసుకోవాల. ఇక్కడైతే తలెత్తితే సాలు. పద."

ఇద్దరూ ఆ గొడుగు కింద గేటు దాకా నడిచారు. గేటు దగ్గర కొత్త ఎ.ఎస్.ఐ. తవిటినాయుడు నిలబడి ఉన్నాడు. భుజం మీద కొత్త నక్షత్రం. ఆ మనిషికి గొడుగు కనిపించింది, గొడుగు మీద నక్షత్రం కనిపించింది. గొడుగు ఆయుధమని ఉత్తర్వు ఉంది, నక్షత్రానికి సెల్యూటు కొట్టాలని ఉత్తర్వు ఉంది. రెండూ కలిసి ఎదురొస్తే ఎలాగో ఉత్తర్వు లేదు. ఒక్క క్షణం ఆలోచించి, మడమలు చప్పుడయ్యేలా దగ్గరకు తెచ్చి, తన సర్వీసులో ఎవరికీ కొట్టనంత గట్టిగా సెల్యూటు కొట్టాడు.

పోలినాయుడు ఆగి, తలనుంచి కాళ్లదాకా చూశాడు. తవిటినాయుడి ఎడమచెయ్యి నడుం దగ్గర ప్యాంటును గుప్పిట బిగించి పట్టుకుని ఉంది.

"ఒరే తవిటీ, బెల్టు మళ్లీ ఇచ్చినారు కదరా. గుండీ కూడా ఉన్నాది. ఇంకా ఎందుకురా పట్టుకుంటావు?"

తవిటినాయుడు వంగి చూసుకున్నాడు. చెయ్యి తియ్యబోయాడు. అటూ ఇటూ చూసి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

"తీస్తే ఏటైపోతాదో అని బయిమేస్తంది బాబూ."